ఒట్టి చెక్క, లేత రంగు, ఆరు తలకాయలు

కాకినాడ వచ్చి స్థిరపడ్డాక అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "దుబాయ్‌లో ఏం చేసేవారండీ?" చెక్క సామానుకి పాలిష్ పెట్టించేవాణ్ణి అంటాను. అప్పటిదాకా ముందుకు వంగి వింటున్న మనిషి కాస్తా వెనక్కి జారబడతాడు. మా బావమరిది ఒక పెళ్లిలో పదిమంది ముందు, "పాలిష్ కొట్టడానికి సముద్రం దాటాలా బావా? మన వీధి చివర రంగారావు కొడుతున్నాడుగా" అన్నాడు. ఆ రంగారావు సొంత ఇంటి తలుపు నేను చూశాను. పకోడీలు కట్టిన కాగితంలా ఉంది.

ఈ పనిలోకి కొత్తగా వెళ్లేవాళ్లు ఇప్పటికీ నాకు ఫోన్లు చేస్తుంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల కథ ఇందులో ఉండదు. అవి చెప్పుకునేటన్ని లేవు. ఉన్న ఒకటి రెండూ పైవాడు మానేసి వెళ్లిపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండటం బాగోదని ఇచ్చినవి. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక చెక్కపని ఫ్యాక్టరీలో ఫినిషింగ్ విభాగానికి ఇన్‌చార్జిగా నా ఉద్యోగం ముగిసింది. ఫ్యాక్టరీ పేరు చెప్పను. రంగు విషయంలో అక్కడ చివరి మాట నాది. చివరి తిట్టు కూడా నాకే వచ్చేది.

లేత రంగు అనే పీడ

నేను వెళ్లిన కొత్తలో అందరికీ ముదురు రంగు కావాలి. మహాగని, వాల్‌నట్, నలుపుకి ఒక మెట్టు తక్కువ. ముదురు రంగంత మంచి మనిషి లోకంలో లేడు. జిగురు మరకలు, ఉప్పుకాగితం గీతలు, వడ్రంగి వేలిముద్రలు, అందరి పాపాలూ కడుపులో పెట్టుకుంటుంది. ముదురు రంగు నడిచినన్నాళ్లూ ఫినిషింగ్‌లో ప్రతివాడూ పెద్ద పనివాడే.

కరోనా వచ్చింది. జనం ఇళ్లలో కూర్చుని ఫోన్లలో ఎవరెవరి ఇళ్లో చూశారు. తలుపులు తెరిచేసరికి అందరికీ లేత రంగు పట్టుకుంది. పాలల్లో రెండు చుక్కలు టీ పోసినట్టుండాలి. ఒక డిజైనరమ్మ నాతో అన్న మాట ఇది. "రంగు వేసినట్టు కనపడకూడదు. అలాగని వేయనట్టు కూడా ఉండకూడదు." ఇది చెక్కా తల్లీ, ఎన్నికల హామీయా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆవిడ కస్టమరు తరఫు మనిషి.

రంగు వేసినట్టు లేకపోవడమే అన్నింటికన్నా కష్టమైన రంగు అని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. లేత రంగు ఏదీ దాచదు. పైగా దాక్కున్నవాటిని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొస్తుంది.

చెక్క తాగుతుంది

ఒట్టి చెక్క రంగుని తాగుతుంది. అన్నిచోట్లా ఒకేలా తాగితే మనకి జీతాలెందుకు? కోసిన అంచు దగ్గర ఆబగా తాగుతుంది. ముడి దగ్గర నోరు తెరవదు. మెత్తగా ఉన్నచోట ఒకలా, గట్టిగా ఉన్నచోట ఒకలా. ఒకే పలకని ఒకడు గరుకు కాగితంతోనూ మరొకడు మెత్తటి కాగితంతోనూ రుద్దితే, రంగేశాక ఎవడి వాటా ఎక్కడిదాకానో చూపిస్తుంది. అన్నదమ్ముల పొలం గట్టు కూడా అంత స్పష్టంగా ఉండదు.

కాబట్టి మొత్తం పలకని ఒకే కాగితంతో, చెక్కలో పుట్టుకతో ఉన్న గీత వెంట రుద్దాలి. దుమ్ము దులపాలి. తరవాత బాగా పిండిన తడిబట్టతో ఒకసారి తుడవాలి. చెక్క మీది సన్నటి నూగు లేచి నిలబడుతుంది. ఆరాక మెత్తటి కాగితంతో దాన్ని తీసెయ్యాలి. అప్పుడు చెక్క రంధ్రాల్ని కాస్త మూసే సీలర్, బాగా పలచన చేసి, ఒక పూత. దాహం కాస్త తీరిన చెక్క రంగుని మర్యాదగా తీసుకుంటుంది. ఇక స్టెయిన్, అంటే చెక్కలోకి ఇంకే రంగు, పూసి, ఆరకముందే, గీత వెంటే తుడిచెయ్యాలి. మధ్యలో ఆపి ఫోనెత్తితే ఆపినచోట చార పడుతుంది. ఆ చార మీ ఫోన్లో మాటకన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

రంగు ఎలా వచ్చిందో ట్యూబులైటు కింద చూడకండి. తలుపు దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుతురులో చూడండి. కస్టమరు చూసేది అక్కడే.

రువైస్‌లో కంపెనీ క్వార్టర్ల మధ్య ఒక క్లబ్బు హాలుకి తలుపులు పంపాం. అక్కడి కాంట్రాక్టరు తలుపులు ఒట్టివి ఇవ్వండి, రంగు మేమే వేసుకుంటాం అన్నాడు. వేసుకున్నాడు, ఆరుబయట, మిట్టమధ్యాహ్నం. అక్కడి వేడికి స్టెయిన్ బ్రష్ మీదే ఆరిపోతుంది. నన్ను రమ్మని కబురొచ్చింది. అబుదాబీ దాటి, ఇంకా ఇంకా దాటి, దారి పొడుగునా ఒంటెలనీ లారీలనీ చూసుకుంటూ వెళ్తే అక్కడ నిలబెట్టి ఉన్నవి తలుపులు కావు, చారల గుర్రాలు. "యే డిజైన్ హై సాబ్" అన్నాడు కాంట్రాక్టరు, కళ్లు ఆర్పకుండా. తప్పుని డిజైన్ అనడం ఈ వృత్తిలో అందరూ చేసే పనే. కానీ ముందు ఎదుటివాడి మొహం చూసి అనాలి.

మా ముదీర్

శేషగిరి గారు గుంటూరు మనిషి. ఇంజినీరు, మా ప్రొడక్షన్ మేనేజరు, పనివాళ్లు ఉండే లేబర్ క్యాంపు భాషలో ముదీర్. ఆయనకి తెలుగు బాగా వచ్చు. ఫ్యాక్టరీ గేటు లోపలికి వచ్చాక మాత్రం మరిచిపోయేవారు. నా దగ్గర పాలిష్ చేసే ఆరుగురూ గోదావరి జిల్లాలవాళ్లే. వాళ్లతో ఆయన హిందీలోనే మాట్లాడేవారు. ఆ హిందీ విని పక్క విభాగంలో బీహారువాళ్లు మావాళ్లని అర్థం అడిగేవారు. నాతో తెలుగే, కానీ గది తలుపు వేసుకుని.

చెడ్డవాడు అనను. పనిని తొందరగా చేయించడం, పనిని చేయించడం ఒకటే అని నమ్మిన మనిషి. అలాంటివాళ్లు ప్రతి ఫ్యాక్టరీలో ఉంటారు. ఒకరోజు నన్ను పిలిచారు.

"రావు గారూ, చెక్కని తడపడం, ఆరబెట్టడం, మళ్లీ రుద్దడం... ఏంటండీ ఇది, చంటిపిల్లకి నీళ్లు పోసినట్టు? ఆ తడిబట్ట పని తీసెయ్యండి."

"తడిబట్ట పెడితే చెక్క మీద ఏముందో కనపడుతుంది సార్."

"కనపడకపోతే ఏమవుతుంది?"

"రంగేశాక కనపడుతుంది."

ఆయన నవ్వి, తడిబట్ట తీసేశారు. పైవాడు నవ్వుతూ తీసేసిన పని ఏదైనా సరే, తరవాత మనం ఏడుస్తూ చెయ్యాల్సి వస్తుంది. ఇది మాత్రం రాసిపెట్టుకోండి.

ఇంకో సంగతి. మా హాలు పక్కన పనివాళ్లకి ఒక విశ్రాంతి గది ఉండేది. బెంచీలు, ఫ్యాను, చిన్న ఏసీ. కరోనాలో మనుషులు గుమిగూడకూడదని దానికి తాళం వేశారు. అది న్యాయమే. తరవాత కరోనా తగ్గింది, మాస్కులు గడ్డాల కిందికి దిగాయి, తాళం మాత్రం దిగలేదు. ఈలోగా ఆ గదిలో పాత కేటలాగులు, కాళ్లు విరిగిన కుర్చీలు, శేషగిరి గారి ఫ్లాట్‌లో చోటు చాలని వ్యాయామం సైకిలు చేరాయి. గది తియ్యండి సార్ అని నేను అడిగినప్పుడల్లా "చూద్దామండీ" అనేవారు. దుబాయ్‌లో చూద్దాం అంటే చూడం అని అర్థం. కాకినాడలో కూడా అంతే అనుకోండి.

దాంతో మావాళ్లు అన్నం తిన్నాక ఫినిషింగ్ హాల్లోనే కింద కూర్చునేవారు. అక్కడ ఏసీ ఉంది. అది మనుషుల కోసం పెట్టింది కాదు, వార్నిష్ కోసం. పక్కన ఉన్నందుకు మనుషులకీ కాస్త తగిలేది.

వీర్రాజు

ఆ ఆరుగురిలో వీర్రాజుది రాజోలు వైపు. నిదానంగా పని చేస్తాడు, నిదానంగా మాట్లాడతాడు, ఆ మాట గుచ్చుకున్నాక గానీ మనకి తెలీదు. తల నిండా జుట్టు. దుబాయ్ నీళ్లకి జుట్టు ఊడిపోతుందని క్యాంపుల్లో అందరికీ భయం. మందు కోనసీమవాళ్లకి ఒకటే తెలుసు. ఊరి నుంచి ఎవరొచ్చినా వీర్రాజుకి కొబ్బరినూనె సీసా రావలసిందే. పాలిథీన్ సంచిలో చుట్టి, దాని మీద తువ్వాలు చుట్టి, దాని మీద ఇంకో సంచి చుట్టి వచ్చేది. పొద్దున్నే బస్సెక్కే ముందు తలకి పట్టించేవాడు. పట్టించడం అంటే మామూలుగా కాదు, దీపం వెలిగించొచ్చు.

అతని భార్య సత్యవతి అబుదాబీలో ఒక విల్లాలో వంటపని చేసేది. మామూలు రోజుల్లో నెలకొకసారి శుక్రవారం బస్సెక్కి వెళ్లి, ఏ పార్కులోనో కూర్చుని మాట్లాడుకుని వచ్చేవాడు. కరోనా తరవాత అబుదాబీ పొలిమేరలో టెంట్లు వెలిశాయి. ముక్కులో పుల్ల పెట్టించుకుని, ఏమీ లేదని రుజువు చూపిస్తేనే లోపలికి. వీర్రాజుకి ఒకసారి సెలవు దొరికితే పరీక్ష ఫలితం రాదు, ఫలితం వస్తే సెలవు దొరకదు. కారులో గంటన్నర దూరంలో ఉన్న మొగుడూ పెళ్లాం రాజోలులో ఉన్నవాళ్లలాగే వీడియో కాల్లో చూసుకునేవారు.

నేను చెప్పబోయే గొడవ జరిగిన నెలాఖరుకే వీర్రాజు వీసా రెన్యూవల్. అది పోతే అతను ఇంటికి పోవాలి. ఆమె కాంట్రాక్టు మాత్రం ఇంకా చాలా మిగిలి ఉంది.

చందమామలు

జుమేరాలో ఒక విల్లా. దాని మజ్లిస్‌కి, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే పెద్ద హాలుకి, గోడల నిండా ఓక్ పలకలు. రంగు సంగతి చెప్పక్కర్లేదు, ఉన్నట్టూ లేనట్టూ. పలకల్ని రుద్ది, హాలు గోడ వెంట నిలబెట్టాం. మొదటి విడత వాటికి రంగు పూసి తుడిచాం.

ఆరాక చూస్తే పలకకొకటి చొప్పున గుండ్రంగా, తెల్లగా మచ్చలు. అన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో. గోడ పొడుగునా చందమామలు ఉదయించినట్టు.

డిజైనరమ్మ వచ్చింది. తల అటూ ఇటూ వంచి చూసి, "ఇది సహజంగా వచ్చిందా? చాలా ఆర్గానిక్‌గా ఉంది" అంది. శేషగిరి గారు ఆ మాట పట్టుకుని "ఎస్ మేడమ్, నేచురల్ వుడ్" అనబోయారు. నేను దగ్గాను. ఆ విల్లా ఇంటావిడకి అది నచ్చదు, ఆవిడ చెక్క తెలిసిన మనిషి. నమూనా చూపించినప్పుడు దాన్ని వాకిట్లోకి తీసుకెళ్లి, తిప్పి తిప్పి చూసి గానీ సరే అనలేదు.

తరవాత మీటింగులు మొదలయ్యాయి. మొదటి మీటింగులో తప్పు చెక్క అమ్మినవాడిది. రెండో దాంట్లో స్టెయిన్ కంపెనీది. ఆ తరవాత తప్పు గాలిలో తేమదని తేలింది. తేమ కొలిచే పరికరం ఒకటి తెప్పించి గోడకి తగిలించారు. అది ఏ అంకె చూపించినా శేషగిరి గారు తల పంకించేవారు. ఇంకొక్క మీటింగు జరిగుంటే తప్పు సముద్రం మీదికి పోయేది.

నేను ఇంకా రంగు పడని పలక ఒకటి తలుపు దగ్గరికి లాగించి, తడిబట్టతో తుడిచాను. తీసెయ్యమన్న ఆ తడిబట్టే. చెక్కంతా తడిసి ముదురుగా మారింది, ఒక్క గుండ్రటి చోటు తప్ప. అక్కడ నీళ్లు ముత్యాల్లా నిలబడ్డాయి. వంగి వాసన చూశాను. చూడగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఓక్ చెట్టుకి మా అమ్మ తల వాసన రాదు.

కొబ్బరినూనె. అన్నం తిన్నాక ఆరుగురూ గోడ వెంట వరసగా కూర్చుని, పలకలకి తలలు ఆనించి కునుకు తీసేవారు. నూనె ఇంకిన చోట రంగు ఇంకదు. ముదురు రంగు రోజుల్లో అయితే ఈ సంగతి లోకానికి తెలిసేది కాదు. నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక భయమేసింది. కారణం తెలిశాక శేషగిరి గారికి ఒక పేరు కావాల్సి వస్తుందని నాకు తెలుసు.

గుర్తింపు

అదే జరిగింది. ఆయన ఆరుగురినీ పలకల ముందు కింద కూర్చోమన్నారు. ఎవరి తల ఏ చందమామలో పడుతుందో చూడటానికి. ఇంజినీరింగ్ చదివిన మనిషి, చేతిలో టేపు పట్టుకుని, తలకాయల ఎత్తు కొలిచారు. ఐదుగురివీ అటూ ఇటూగా సరిపోయాయి. అన్నిటికన్నా పెద్ద మచ్చ, అన్నిటికన్నా తెల్లటి మచ్చ వీర్రాజు వెనక ఉంది.

"తుమ్ తేల్ లగాతా?" అన్నారు శేషగిరి గారు.

"ఆయ్, రాత్తానండి. కొబ్బరినూనండి."

"క్యోం లగాతా?"

"జుట్టు ఊడిపోద్దని బయ్యవండి. తవరు రంగేసుకుంటారు కదండి, మేం నూనె రాసుకుంటావండి."

వెనక ఎవడో నవ్వు ఆపుకోలేక తుమ్మినట్టు నటించాడు. శేషగిరి గారి చెయ్యి తనకి తెలియకుండానే తన జుట్టు మీదికి వెళ్లింది. "ఖలాస్. ఇస్‌కా రెన్యూవల్ నహీ హోగా" అని వెళ్లిపోయారు. అదొక్కటి మాత్రం తప్పుల్లేని హిందీ.

గదిలోకి వెళ్లి తలుపు వేశాను.

"రిపోర్టు రాయండి రావు గారూ. వీర్రాజు నిర్లక్ష్యం వల్ల అని."

"రాస్తాను సార్. తల ఎందుకు ఆనించాడో కూడా రాస్తాను. విశ్రాంతి గదికి తాళం ఉంది కాబట్టి అని. ముందే ఎందుకు కనిపెట్టలేదో కూడా రాస్తాను. తడిబట్ట తీసేశారు కాబట్టి అని."

"అవన్నీ ఎందుకండీ అందులో?"

"మరి ఏం రాయాలి సార్? రాజోలులో కొబ్బరిచెట్లు ఉండటం వల్ల అని రాయనా?"

ఆయన "మీ వీసా కూడా కంపెనీదేనండీ" అన్నారు, చాలా మెత్తగా.

నాకు ఒళ్లు మండింది. కొత్తగా వెళ్లేవాళ్లకి ఇది చెప్పాలి. ఈ మాట ఎప్పుడో ఒకరోజు మీకూ వినపడుతుంది. గట్టిగా వినపడదు, ఏసీ చప్పుడులో కలిసిపోయేంత మెత్తగా వినపడుతుంది. నేను రిపోర్టు రాయలేదు. రాయనని కూడా చెప్పలేదు. "ముందు పలకలు బాగుచేసి పంపిద్దాం సార్" అని బయటికొచ్చాను.

బాగుచెయ్యడం

నూనె పడ్డ చెక్కని ఎలా దారికి తేవాలో అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. థిన్నరు తడిపిన గుడ్డతో తుడవాలి. గుడ్డ మార్చాలి. మళ్లీ తుడవాలి, మళ్లీ మార్చాలి. ఒకే గుడ్డతో తుడిస్తే నూనె పోదు, ఊరంతా తిరుగుతుంది. తరవాత మచ్చ ఉన్నచోట మాత్రమే రుద్దితే అక్కడొక గుంట, కొత్త రంగు మచ్చ. రుద్దితే పలక మొత్తం రుద్దాలి. పలకల మీద అతికించిన ఓక్ పొర కాగితమంత పలచన, చెయ్యి బరువు పడితే కింది చెక్క బయటపడుతుంది. తడిబట్ట పెట్టి, ఎక్కడా నీళ్లు నిలబడటం లేదని చూసుకుని, పలచటి సీలర్ వేసి, అప్పుడు రంగు.

ఆ పనిలో ఎక్కువ భాగం వీర్రాజే చేశాడు. తన తల మచ్చని తనే తుడుచుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఫోను పలకకి ఆనించి పెట్టి, గుడ్డ మారుస్తూ సత్యవతితో మాట్లాడుతున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"నువ్వెల్లిపోతే ఇక్కడ నేనెవరి కోసం ఉండాలి?" అంటోంది ఆమె. "ఈ పక్కనే ఉన్నావని కదా ఇన్నాల్లూ ఓర్చుకున్నాను."

"ఊరుకో. మాస్టారు ఉన్నారు కదా, సూత్తారు" అన్నాడు వీర్రాజు, నా వైపు చూడకుండా.

ఏం చూడాలో నాకు తెలియదు. చెక్కకైతే థిన్నరు ఉంది.

పలకలు వెళ్లాయి. ఇంటావిడ వచ్చి, అరచేత్తో గోడ పొడుగునా నిమిరి, కిటికీ తెర తీసి వెలుతురులో చూసి, "జైన్" అంది. బాగుంది అని. శేషగిరి గారు తానే రుద్దినట్టు వినయంగా తల వంచారు. ఇక ఈ గొడవ ముగిసింది, వీర్రాజుని వదిలేస్తారు అనుకున్నాను. అన్నేళ్లు ఉద్యోగం చేసి కూడా అలా అనుకున్నానంటే నా తెలివికి దండం పెట్టాలి.

నోటీసు

మర్నాడు గేటు లోపలి గోడ మీద నాలుగు భాషల్లో నోటీసు. పనివాళ్లు తలకి నూనె రాసుకుని రాకూడదు. ఫినిషింగ్ హాల్లో ఎవరూ కూర్చోకూడదు. విశ్రాంతి గది గురించి ఏ భాషలోనూ ఒక్క ముక్క లేదు.

ఆరుగురూ అన్నం గిన్నెలు పట్టుకుని బయటికెళ్లారు. ఫ్యాక్టరీ వెనక ఒక ఇనుప కంటైనరు ఉంది. దాని నీడ మధ్యాహ్నానికి ఇద్దరికి సరిపోతుంది. వంతులు వేసుకుని కూర్చునేవారు. ఆగస్టు నెల అది. గాలి వీస్తే ఎవరో పొయ్యి తలుపు తెరిచినట్టుంటుంది. ఒకతను తిన్నది కక్కేశాడు. నేను వెళ్లి చెబితే శేషగిరి గారు "చూద్దామండీ" అన్నారు. వీర్రాజు రెన్యూవల్ గురించి అడిగితే అది కూడా అనలేదు.

ఆ వారాంతం గడిచాక క్యాంపు బస్సు వచ్చింది. నేను గేటు దగ్గరే ఉన్నాను. ముందు వీర్రాజు దిగాడు. గుండు. నున్నగా, తళతళా. వెనక ఇంకొకడు దిగాడు. గుండు. మూడోవాడూ, నాలుగోవాడూ, ఆరుగురూ. నోటీసు ముందు వరసగా నిలబడ్డారు. మన ఊళ్లలో ఒక ఇంటి మగవాళ్లందరూ ఒకేసారి అలా కనపడితే రెండే కారణాలు. తిరుపతి వెళ్లొచ్చి ఉండాలి, లేదా ఇంట్లో పెద్దదిక్కు పోయి ఉండాలి. దుబాయ్‌లో తిరుపతి లేదు.

శేషగిరి గారి కారు వచ్చింది. దిగి, తల ఎత్తి చూసి, అక్కడే ఆగిపోయారు. ఫ్యాక్టరీ గేటు లోపల, పనివాళ్ల ముందు ఆయన నోట తెలుగు అప్పుడు విన్నాను, మొదటిసారి.

"ఏంట్రా ఇది? ఎవరు పోయారు?"

ఆ గొంతులో నిజంగా కంగారు ఉంది.

"ఇంకా ఎవరూ పోలేదండి," అన్నాడు వీర్రాజు నిదానంగా. "ఎండలో కూకుంటన్నాం కదండి, ఎవరు ముందు పోతావో తెలీదండి. అప్పుడు మిగిలినోల్లకి సెలవివ్వరు కదండి. అందుకని ముందే సేయించేసుకున్నావండి, ఆయ్."

ఎవరూ నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు. శేషగిరి గారి నాన్నగారు కరోనా మొదట్లో గుంటూరులో పోయారు. విమానాలు లేవు. ఆయన వెళ్లలేకపోయారు. ఫ్లాట్ బాత్రూములో తనే గుండు చేసుకుని, టోపీ పెట్టుకుని ఆఫీసుకొచ్చారు. ఎందుకని అడిగినవాళ్లకి ఎండలు కదా అన్నారు. ఆ సంగతి వీర్రాజుకి తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో నేనెప్పుడూ అడగలేదు. తెలిసే అని ఉంటే అతను నేననుకున్నంత మంచివాడు కాదు. అయినా ఆ పూట మంచితనం వల్ల అయ్యే పని అక్కడ లేదు.

శేషగిరి గారు లోపలికి నడిచారు, మేం వెనకాలే. విశ్రాంతి గది దగ్గర ఆగి జేబులోంచి తాళం చెవి తీశారు. అన్నాళ్లూ అది ఆయన జేబులోనే ఉందన్నమాట. తలుపు తెరిచారు. మావాళ్లు కేటలాగులు బయటికి మోశారు. కుర్చీలు మోశారు. వ్యాయామం సైకిలుని నలుగురు పట్టుకుని, శవాన్ని తెచ్చినంత జాగ్రత్తగా బయటికి తెచ్చి ఆయన ముందు దించారు.

అంతా అయ్యాక వీర్రాజు చేతులు దులుపుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"మరి నా వీసా సంగతండి?"

అందరూ వింటున్నారు. శేషగిరి గారు గొంతు సవరించుకున్నారు. అప్పటిదాకా ఉన్న మనిషి పోయి మళ్లీ మేనేజరు వచ్చాడు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు తప్పు ఒప్పుకోరు. అవసరమైతే ఆ తప్పు నీ ఆలస్యం కింద రాస్తారు.

"సంగతేంటి? నెలాఖరు వస్తోంది. రెన్యూవల్‌కి పాస్‌పోర్టు ఇవ్వాలని తెలీదా? ఇంతవరకూ ఎందుకివ్వలేదు?"

"నా కాడ ఏదండి?" అన్నాడు వీర్రాజు. "నేనొచ్చిన కాడ్నించీ మీ సొరుగులోనే ఉంది కదండి."

శేషగిరి గారు సొరుగు తియ్యడానికి ఆఫీసులోకి వెళ్లారు.